బండి టాప్ కొలిచినంకనే సోలార్ ప్యానెల్ కొనాలె

పాత ట్రావెలర్ బండి కొని, సీట్లు పీకేసి, మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ పెట్టుకొని ఊర్లు తిరగాలన్న సోకు మనోళ్లకు కూడా అంటుకున్నది. కాటేదాన్‌ల వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ చేసేటోళ్లు దగ్గర్నే దొరుకుతరు. బండి రెడీ అయితే శంషాబాద్ మీదికెళ్లి బెంగళూర్ హైవే ఎక్కుడే. కరెంట్ కాడికి వచ్చేసరికే లెక్క తప్పుతది. ముందు ప్యానెల్ కొని, తర్వాత దాన్ని టాప్ మీద ఎక్కడ పెట్టాల్నని ఎతుకుతరు. పని జరగాల్సింది దీనికి ఉల్టా. ఒక కాగితం, పెన్ను, టేపు పట్టుకొని కూసుంటే వేల రూపాయలు మిగుల్తయి.

ముందు ఖర్చు లెక్క

రోజుకు ఎంత కరెంట్ కావాల్నో రాసుకోవాలె. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 560 వాట్ అవర్లు. చిన్న 12 వోల్టుల ఫ్రిజ్‌కు ఎండకాలంల 500 దాకా పడ్తది. లైట్లకు 100, ఫోన్లు, ల్యాప్‌టాప్‌కు 200, నీళ్ల మోటార్‌కు 20. అన్నీ కలిపితే 1,380. అంటే దగ్గర దగ్గర 1.4 యూనిట్లు.

ఇప్పుడు రాబడి చూద్దాం. హైదరాబాద్‌ల సగటున రోజుకు 5 గంటల నిండు ఎండ లెక్క కట్టొచ్చు. దుమ్ము, వేడి, వైర్లల్ల పోయేది తీసేస్తే 100 వాట్ల ప్యానెల్ రోజుకు 350 వాట్ అవర్లు ఇస్తది. నాలుగు పెడితే 1.4 యూనిట్లు. లెక్క సరిపోయింది. వానకాలంల ఇది సగానికి పడిపోతది కాబట్టి, బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ నుంచి బ్యాటరీ ఎక్కేటట్టు డీసీ చార్జర్ కూడా పెట్టుకోవాలె.

‘ఏసీ కూడా నడుస్తది’ అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. టన్ను ఏసీ రాత్రంతా నడిస్తే 5 యూనిట్ల దాకా తాగుతది. అన్ని ప్యానెళ్లు పట్టేంత జాగ చిన్న బండి మీద ఉండదు.

టాప్ మీద జాగ, నీడ

టాప్ మీద 12 అడుగుల పొడుగు, ఐదున్నర అడుగుల వెడల్పు ఖాళీ ఉన్నదనుకుందాం. నడిమిట్ల గాలి ఫ్యాన్ కోసం అడుగుంపావు రంధ్రం ఉంటది. 100 వాట్ల ప్యానెల్ సుమారు 4 అడుగుల పొడుగు, 1.8 అడుగుల వెడల్పు. అడ్డంగా ముందట రెండు, ఎన్క రెండు పెడితే జతకు 3.6 అడుగులు. ఫ్యాన్‌కు అటో అడుగు, ఇటో అడుగు వదిలినా మొత్తం పదిన్నర అడుగుల లోపలనే సరిపోతది. పక్కన అడుగున్నర మిగుల్తది, తుడవనీకి చెయ్యి పడ్తది.

ఆ అడుగు ఎందుకంటే నీడ కోసం. ఫ్యాన్ మూత అర అడుగు ఎత్తుంటే, డిసెంబర్‌ల పొద్దున తొమ్మిదింటికి దాని నీడ అడుగు దాకా పోతది. ఇంటి మీద ప్యానెళ్లను దక్షిణం దిక్కు వంచుతరు. బండి ఏ దిక్కుకు ఆగుతదో తెల్వదు కాబట్టి పడుకోబెట్టుడే మేలు. మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం దిక్కే ఉంటడు. పడుకోబెడితే మనకు పెద్దగ నష్టం లేదు.

ప్యానెళ్లన్నీ ఒకే సిరీస్‌ల కలిపితే ఒకదాని మీద నీడ పడ్డా మొత్తం లైన్ దెబ్బతింటది. అందుకే ముందటి జత ఒక సిరీస్, ఎన్కటి జత ఇంకో సిరీస్ చేసి, ఆ రెండింటిని ప్యారలల్ చెయ్యాలె. టాప్ మీద ఏ అడ్డం లేకుంటే 540 వాట్ల పెద్ద ప్యానెల్ ఒక్కటే చాలు. కానీ అది ఏడున్నర అడుగులుంటది, 28 కిలోల దాకా తూగుతది. గుంతల రోడ్డు మీద దాన్ని పట్టుకునే ఫ్రేమ్ గట్టిగుండాలె.

వేడి, గాలి, బ్యాటరీ

మే నెలల ప్యానెల్ 65 డిగ్రీలు దాటుతది. 25 డిగ్రీల మీద ఒక్కో డిగ్రీకి 0.35 శాతం దాకా పవర్ తగ్గుతది. అంటే 14 శాతం పోయినట్టే. కిందినుంచి గాలాడేటట్టు రెండించుల ఎత్తుల బిగించాలె. ఒట్టి గమ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. హైవే మీద ఎగిరిపోయిన ప్యానెల్ ఎన్కొచ్చే బైకాయన ప్రాణం తీస్తది. బోల్టు, రబ్బర్ వాషర్, సీలెంట్ మూడూ ఉండాలె.

బ్యాటరీల కక్కుర్తి పడొద్దు. ఇంట్ల ఇన్వర్టర్‌కు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్ అప్పుడు హైడ్రోజన్ వదులుతది. మనం పండుకునే డబ్బల అది డేంజర్. 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ రెండున్నర యూనిట్లు దాసుకుంటది. శ్రీశైలం పోయేటప్పుడు అడవిల రాత్రి బండ్లను వదలరు. మన్ననూర్ కాడ చెట్ల కింద ఆగాల్సొస్తే తెల్లారేదాకా ఫ్యాన్ తిరగాల్సింది దాని మీదనే. బ్యాటరీ దగ్గర, ప్యానెల్ లైన్‌కు ఫ్యూజులు తప్పకుండా ఉండాలె.

కాగితాలు కూడా

ఇంటి మీద సోలార్‌కు 2024ల వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 78 వేల దాకా సబ్సిడీ వస్తది. అది ఇంటి కరెంట్ లైన్‌కు కలిపేటోళ్లకే, బండికి రాదు. మోటార్ వెహికల్ చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీల ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సీట్లు తీసి మంచాలేసుడు చిన్న మార్పు కాదు. పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ ఆఫీసుల అడిగి పర్మిషన్ తీసుకోవాలె. ఇన్సూరెన్సోళ్లకు కూడా చెప్పాలె. లేకుంటే యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిమ్ కాడ కిరికిరి తప్పదు.

ప్యానెల్ ఎప్పుడైనా దొరుకుతది. టాప్‌కు ఒకసారి రంధ్రం పడితే మళ్ల పూడ్చుడు కష్టం. అందుకే ప్యానెల్ సైజుల అట్టముక్కలు కోసి ముందు టాప్ మీద పరిచి చూడుండ్రి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ యాడ పడుతుందో చాక్‌పీస్‌తోని గీసుకోండ్రి. డ్రిల్ మిషన్ ఆ తర్వాతనే పట్టాలె.