పొలంగట్టు నుంచి రేడియో దాకా: వింజమూరి అనసూయాదేవి గానప్రస్థానం

నాట్లు వేస్తూ, వడ్లు దంచుతూ, ఏతం తొక్కుతూ శ్రమను మరచిపోవడానికి పల్లెజనం పాడుకున్న పాటలకు కర్త పేరు ఉండదు, రాతప్రతి ఉండదు. ఒక తరం నోటి నుంచి మరో తరం చెవికి చేరితేనే అవి నిలుస్తాయి. గత శతాబ్దంలో రోకళ్ల స్థానంలోకి బియ్యపు మిల్లులు, ఏతాల స్థానంలోకి మోటార్లు వచ్చాయి. పనితోపాటు పాట కూడా కనుమరుగయ్యే పరిస్థితి ఏర్పడింది. ఆ పాటలను సేకరించి కచేరీ వేదికకు, ఆకాశవాణికి చేర్చిన తొలితరం గాయనుల్లో వింజమూరి అనసూయాదేవి ప్రముఖులు.

ఆమె 1920 మే 12న కాకినాడలో జన్మించారు. తండ్రి లక్ష్మీనరసింహారావు రంగస్థల నటుడు, పండితుడు. తల్లి వెంకటరత్నమ్మ పత్రికా సంపాదకురాలు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనమామ. ఆయన రచించిన ప్రసిద్ధ దేశభక్తి గేయం ‘జయ జయ జయ ప్రియభారత’కు బాణీ కట్టినది అనసూయాదేవే.

1938లో మద్రాసు ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. అనసూయాదేవి, ఆమె చెల్లెలు సీత కలిసి పాడిన పల్లెపాటలు రేడియో ద్వారా తెలుగు ఇళ్లకు చేరాయి. మోటుపాటలని చిన్నచూపు చూసే రోజుల్లో, శాస్త్రీయ సంగీతం తెలిసిన అక్కచెల్లెళ్లు వాటిని సభల్లో ఆలపించడం వాటికి గౌరవం తెచ్చింది.

అనసూయాదేవి ఆ పాటలను స్వరలిపితో పుస్తకాలుగానూ వెలువరించారు. దంపుళ్ల పాటకు రోకటిపోటే తాళం. వేదికపై ఆ పోటు ఉండదు. పాడే మనిషి యాస, అప్పటికప్పుడు అల్లి చేర్చే చరణం స్వరలిపిలో ఇమడవు. అయితే ఆ మాత్రమైనా రాసి ఉంచకపోతే, పాడేవారు లేని నాడు బాణీ కూడా మిగలదు.

సీత హైదరాబాద్ ఆకాశవాణిలో జానపద సంగీత విభాగానికి సేవలందించారు. 1979లో నిర్మితమైన ‘మా భూమి’ చిత్రానికి సంగీతం అందించిన వారిలో ఆమె ఒకరు. అనసూయాదేవిని ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’తో సత్కరించింది.

చివరి దశలో అమెరికాలో నివసించిన అనసూయాదేవి 2019 మార్చి 23న హ్యూస్టన్‌లో 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వంటి రైల్వే కాలనీల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలకు నాట్లు, ఏతాలు కంటితో చూసే అవకాశం తక్కువ. అమ్మమ్మ ఊరి పాటను వారు నేర్చుకోవాలంటే ఇలా భద్రపరచిన బాణీలే ఆధారం.