బండి వణుకుతోందా? ఎప్పుడు వణుకుతోందో ముందు చూడండి

మన గ్రూపులో నెలకి ఒకసారైనా ఎవరో ఒకరు ఈ మాట పెడతారు: “బండి లోపలంతా వణుకుతోందండీ, మంచి గ్యారేజీ ఎవరికైనా తెలుసా?” నిమిషంలో పది ఫోన్ నంబర్లు వచ్చేస్తాయి. “ఎప్పుడు వణుకుతోంది?” అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడిగేదాన్ని కాదు. 2024 ఆగస్టులో మా బండే నాకా ప్రశ్న నేర్పింది. ఇంకో నెల ఆలస్యంగా నేర్పి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మేము షార్జాలో ఉంటాం. నాకు దుబాయ్‌లో ఆసుపత్రి డ్యూటీ. మా వారు రువైస్‌లో పని చేస్తారు, వారాంతంలోనే ఇంటికి వస్తారు. అంచేత పిల్లలిద్దర్నీ బడికి దింపడం, నా డ్యూటీ, సరుకులు, అన్నిటికీ ఆ బండే దిక్కు. ఏడు సీట్ల ఎస్‌యూవీ, 2012 మోడల్, వి6 ఇంజన్. 2023లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అమ్మినాయన “టైర్లు కొత్తవే సిస్టర్, గీతలు ఎంత లోతుగా ఉన్నాయో చూడండి” అన్నాడు. చూశాం. లోతుగానే ఉన్నాయి. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆ ఏడాది సెలవులకి ఊరెళ్ళి ఐదు వారాలు ఉండి వచ్చాం. అన్నాళ్ళూ బండి ఎండలోనే నిలబడి ఉంది. వచ్చిన మర్నాడు డ్యూటీకి బయల్దేరితే, వంద దాటగానే సీటు కింద ఎవరో పిండిమర ఆడిస్తున్నట్టు అదురు! సిగ్నల్ దగ్గర ఆగినా ఒకటే వణుకు. వెనకాల కూర్చున్న మా చిన్నది “అమ్మా, నా మాట వణుకుతోంది” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మొదట వెళ్ళిన గ్యారేజీలో అతను బండి ఎక్కనైనా లేదు. బానెట్ ఎత్తి చూసి “గేర్‌బాక్స్ పోయింది మేడమ్, 4,500 దిర్హాములు” అన్నాడు. ఫోన్లో మా వారు “పిల్లలు తిరిగే బండి, చేయించెయ్” అన్నారు. నేనూ సరే అనేదాన్నే. కానీ ఆ రాత్రి డ్యూటీలో ఒకాయన ఛాతీ నొప్పితో వచ్చారు. నేను అడిగే ప్రశ్నలు నాకే కొత్తగా వినిపించాయి. ఎప్పుడు మొదలైంది? ఎక్కడ నొప్పి? ఏం చేస్తే పెరుగుతోంది? ఏం చేస్తే తగ్గుతోంది? మనిషి విషయంలో ఇవన్నీ అడక్కుండా మందు ముట్టుకోం కదా, మరి బండి విషయంలో ఒక్కటీ అడక్కుండా 4,500 ఎలా ఇస్తున్నాను?

మర్నాటి నుంచి ఒక చిన్న పుస్తకం పెట్టాను. నడుపుతూ రాయకూడదు గనక, పక్కన కూర్చునే మా స్టాఫ్ అమ్మాయి రాసేది. నాలుగు రోజుల్లో నాకు తెలిసిందీ, తర్వాత ఒక మంచి మెకానిక్ చెప్పిందీ కలిపి మీకు చెప్తున్నాను.

బండి నిలబడి ఉన్నప్పుడు వణికితే

ఇది చక్రాల తప్పు కాదు, అవి తిరగట్లేదు కదా. ఇంజన్ వైపు చూడాలి. సిగ్నల్ దగ్గర గేరు “డి”లో ఉంచి బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు ఎంత వణుకు ఉందో చూడండి. బ్రేకు మీద కాలు తియ్యకుండానే గేరు “ఎన్”లోకి మార్చండి. వణుకు బాగా తగ్గిపోతే ఇంజన్ మౌంట్ల మీద అనుమానపడాలి. మౌంటు అంటే ఇంజన్‌కీ బండి చట్రానికీ మధ్య ఉండే రబ్బరు దిమ్మ. కొన్నిట్లో లోపల నూనె కూడా ఉంటుంది. ఇంజన్ వణుకు మన దాకా రాకుండా అది మింగేస్తుంది. ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు పగిలి, నూనె కారిపోతే ఇంజన్ వణుకంతా సీటులోకి వచ్చేస్తుంది.

“ఎన్”లో కూడా అదే వణుకు ఉండి, ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందకీ ఊగుతుంటే ఇంజనే సరిగ్గా మండట్లేదని అర్థం. స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్, మురికి పట్టిన థ్రాటిల్ బాడీ, ఎక్కడైనా గాలి లీకయ్యే పైపు, ఇవి చూపించాలి. చెక్ ఇంజన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం “ఇంటిదాకా పోనిద్దాం” అనుకోకండి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేస్తుంది. ప్లగ్గుల ఖర్చుతో పోయేది పెద్ద ఖర్చవుతుంది.

ఏసీ వేసినప్పుడు ఒక్క క్షణం ఇంజన్ కాస్త బరువెక్కినట్టు అదరడం మామూలే. అది ఆగకుండా సాగితేనే ఆలోచించాలి.

వేగం మీద వణికితే

ఇది మన హైవేల మీద ఎక్కువ. ఒక వేగం దగ్గర మొదలై, ఇంకా పెంచితే కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. సాధారణంగా టైరూ చక్రమూ కారణం. బ్యాలెన్సింగ్ పోవడం, గుంటలో పడి రిమ్ వంగడం, టైరు లోపల పొర ఊడటం, ఇలాంటివి. వణుకు స్టీరింగ్‌లో ఎక్కువగా తెలిస్తే ముందు చక్రాలు, సీటులో, కాళ్ళ కింద తెలిస్తే వెనక చక్రాలు. ఇది ఎప్పుడూ తప్పని సూత్రం కాదు గానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తుంది.

చక్రమా, ఇంజనా అని తేల్చుకోడానికి మెకానిక్‌లు ఒక పని చేస్తారు. అదే వేగం మీద గేరు మార్చి ఆర్‌పీఎం పెంచుతారు. వణుకు తీరు మారితే ఇంజన్ వైపు, మారకపోతే చక్రాల వైపు. వెనక చక్రాలకీ ఇంజన్ బలం వెళ్ళే ఎస్‌యూవీల్లో బండి కింద పొడుగ్గా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది, దాన్నీ చూడాలి. మా మెకానిక్ చెప్పిన లెక్క ఇది: గంటకి వంద కిలోమీటర్ల వేగంలో ఇలాంటి బండి చక్రం సెకనుకి దాదాపు 12 సార్లు తిరుగుతుంది. ఆ షాఫ్ట్ దానికి మూడు నాలుగు రెట్లు తిరుగుతుంది. అందుకే చక్రం తప్పైతే కుదుపులా, షాఫ్ట్ తప్పైతే అరికాళ్ళలో జుమ్మని తేనెటీగ మోతలా తెలుస్తుందట.

వణుకు కాకుండా హోరు వినిపిస్తూ, మలుపు తిరిగినప్పుడు ఆ హోరు పెరగడమో తగ్గడమో అయితే వీల్ బేరింగ్ చూడమనండి.

రెండు హెచ్చరికలు. టైర్లు విప్పి బిగించిన తర్వాత కొత్తగా వణుకు మొదలైతే, నట్లు వదులయ్యాయేమో వెంటనే పక్కన ఆపి చూడాలి. ముప్పై, నలభై వేగంలోనే బండి అటూ ఇటూ ఊగుతుంటే టైరు లోపల పొర ఊడిందేమో. ఆ బండితో హైవే ఎక్కొద్దు.

బ్రేకు నొక్కితేనే వణికితే

అప్పుడు బ్రేకు డిస్కులు అరుగుదలలో ఎక్కువతక్కువలు అయ్యుంటాయి. స్టీరింగ్ ఊగితే ముందువి, పెడల్లో, సీటులో తెలిస్తే వెనకవి కావచ్చు. గట్టిగా సడన్ బ్రేకు వేసినప్పుడు పెడలు టకటకా కొట్టుకోవడం మాత్రం జబ్బు కాదు, అది ఏబీఎస్ తన పని తాను చేసుకోవడం. భయపడి కాలు తీసెయ్యకండి.

యాక్సిలరేటర్ నొక్కితేనే వణికితే

కాలు తియ్యగానే ఆగిపోయే వణుకు అయితే, చక్రాలకి బలాన్ని అందించే యాక్సిల్ లోపలి జాయింటు అరిగి ఉండొచ్చు. మౌంట్లూ కావచ్చు. అరవై, ఎనభై మధ్య మెల్లగా కాలు ఆనించి పోతున్నప్పుడు గరుకు గీతల మీద పోతున్నట్టు రెండు మూడు సెకన్లు జరజరా అదిరి ఆగితే, అప్పుడు గేర్‌బాక్స్ వైపు అనుమానం సరైనది. అప్పుడు కూడా ముందు గేర్ ఆయిల్ పరిస్థితి చూపించాలి, మొత్తం విప్పమనడం తర్వాత సంగతి.

ఇంకో మాట. పాత ఎస్‌యూవీలో అన్ని చప్పుళ్ళూ జబ్బులు కావు. మూడో వరస సీటు కొక్కెం సరిగ్గా పడకపోయినా, డిక్కీలో జాకీ వదులైనా, పొగగొట్టం మీది వేడి రేకు ఊగినా పెద్ద రోగంలా వినిపిస్తుంది. నేను ముందు డిక్కీ ఖాళీ చేశాను. ఊరి నుంచి తెచ్చిన ఇత్తడి చెంబు స్పేర్ టైరు పక్కకి చేరి మోగుతోంది!

మా బండికి ఏమైంది

నా పుస్తకంలో తేలింది ఇది. వంద దాటితే వణుకు, సీటులో, ఎడమ వైపు ఎక్కువ. బ్రేకుతో సంబంధం లేదు, యాక్సిలరేటర్ వదిలినా పోదు. సిగ్నల్ దగ్గర వేరే వణుకు, “ఎన్”లో తగ్గుతుంది. అంటే ఒక రోగం కాదు, రెండు!

ఎక్కువ రోజులు కదలకుండా నిలబడితే టైరు అడుగు చదునై కుదుపు రావడం ఉంటుంది. కానీ అది మామూలుగా అరగంట నడిపితే, టైరు వేడెక్కి సర్దుకుంటుంది. మాది సర్దుకోలేదు.

ఆ పుస్తకం పట్టుకుని షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఇంకో గ్యారేజీకి వెళ్ళాను. అక్కడి పెద్దాయన చదివించుకుని విన్నాడు. “బేటీ, సగం పని నువ్వే చేసేశావు” అని హిందీలో అని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడిపాడు. తర్వాత బండి లిఫ్ట్ మీద ఎత్తి వెనక ఎడమ చక్రం చేత్తో తిప్పాడు. టైరు నున్నగా తిరగట్లేదు, ఒకచోట ఎత్తుగా లేచి దిగుతోంది. లోపలి వైపు, బయటికి కనపడని పక్క, నిమ్మకాయంత ఉబ్బు. పిల్లలు కూర్చునే సీటుకి సరిగ్గా కిందే. రోజూ దాని మీదే నూటపది వేగంలో పోయాను.

ఆయన టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూపించాడు: 2217. అంటే 2017లో 22వ వారంలో తయారైంది. గీతలు లోతుగా ఉన్నది టైరు కొత్తదై కాదు, పాత ఓనరు ఎక్కువ తిప్పక. రబ్బరు మాత్రం ఏడేళ్ళు ఈ ఎండలో మగ్గింది. నాలుగు టైర్లూ అదే వయసువి. నాలుగూ మార్పించాం. వంద మీద వణుకు అక్కడితో పోయింది. పది రోజుల తర్వాత జీతం రాగానే నూనె కారిన ఒక ఇంజన్ మౌంటు మార్పించాం. మొత్తం 2,100 దిర్హాములు అయ్యాయి. గేర్‌బాక్స్ ఈరోజుకీ అదే.

నిజం చెప్పాలంటే, మిట్టమధ్యాహ్నం ఏసీ గట్టిగా పెడితే సిగ్నల్ దగ్గర ఇంకా కాస్త అదురుతుంది. మిగతా మౌంట్లు కూడా పాతవే కదా. అది ఏమిటో తెలుసు గనక భయం లేదు.

డబ్బు మిగిలినందుకు నాకు సంతోషమే. కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటి. ఆ 4,500 ఇచ్చేసి, “బాగు చేయించాను” అనే ధైర్యంతో ఆ టైరు మీదే పిల్లల్ని ఫుజైరా తీసుకెళ్ళేదాన్ని. పుండొకచోట, మందొకచోట అంటే ఇదే.

మీరు ఈ వారంలో చెయ్యాల్సినవి రెండే. నాలుగు టైర్ల అంకెలు చూసుకోండి, సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు కొనేముందే చూడండి, స్పేర్ టైరుది కూడా. బండి చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిపించి, డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకెతో సరిపోల్చండి.

గ్యారేజీలో “మేడమ్, మీకు అర్థం కాదు” అంటే వాదించకండి. “నాతో ఒక రౌండ్ నడిపి చూపించండి, ఏ భాగమో చేత్తో చూపించండి, తర్వాత ధర చెప్పండి” అనండి. నడపనన్నవాడికి తాళం ఇవ్వకండి.

ఇక మన గ్రూపు సంగతి. ఈసారి ఎవరైనా “బండి వణుకుతోంది” అని పెడితే, గ్యారేజీ నంబరు పంపేముందు ఈ ప్రశ్నలు పంపుదాం: నిలబడి ఉన్నప్పుడా, వేగంలోనా? స్టీరింగ్‌లోనా, సీటులోనా? బ్రేకుతోనా, యాక్సిలరేటర్‌తోనా? “ఎన్”లో తగ్గుతోందా? టైరు వయసెంత? నంబర్లు ఆ తర్వాత పంపినా ఆలస్యమేమీ అవ్వదు.