ఇద్దత్ అయ్యాక వచ్చే నాలుగో నెల

ఆడపిల్ల పెళ్ళికి సాయం అడిగితే మనవాళ్ళ చేతులు త్వరగా కదులుతాయి. ఒకరు బియ్యం ఇస్తారు, ఇంకొకరు షామియానా ఖర్చు భరిస్తారు. అదే పిల్ల ఆరేళ్ళకు ఇద్దరు బిడ్డలతో పుట్టింటికి తిరిగొస్తే ముందు వచ్చేది సాయం కాదు, "ఏం జరిగింది?" అన్న ప్రశ్న. ఆమె తానుగా ఖులా తీసుకున్నా సరే, బస్తీ నోట "మొగుడు వదిలేసిన పిల్ల" అనే మాటే.

తలాఖ్ పొందిన స్త్రీకి ఇద్దత్ మూడు ఋతుక్రమాలు, అంటే సుమారు మూడు నెలలు. గర్భవతి అయితే ప్రసవం వరకు. ఆ రోజుల్లో చుట్టాలు వస్తూ పోతూ ఉంటారు, పలకరింపులుంటాయి, ఎవరో ఒకరు టిఫిన్ పంపుతారు. నాలుగో నెలకు అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. పుట్టింట్లో అన్నావదినల మధ్య ఖర్చుల మాట మొదలయ్యేది అప్పుడే. జరిగింది నిజమేనని ఆమె మనసుకు పూర్తిగా అందేది కూడా అప్పుడే. ఏడిస్తే "సబర్ చెయ్యి బేటీ" అంటాం. సబర్ అంటే ఏడవకూడదని కాదు గదా!

ఆమెకు హక్కుగా రావలసినవి కొన్ని ఉన్నాయి. బాకీ ఉన్న మెహర్ భర్త తీర్చవలసిన అప్పు, దయ కాదు. ఖులాలో మాత్రం సాధారణంగా స్త్రీ మెహర్ వదులుకోవడమో తిరిగి ఇవ్వడమో ఉంటుంది. 1986 చట్టం ప్రకారం భర్త ఇద్దత్ గడువులోనే ఆమె భవిష్యత్తుకు సరిపడే ఏర్పాటు చేయాలని 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 10న, మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ అందరు స్త్రీలలాగే సాధారణ చట్టం కింద కూడా మనోవర్తి కోరవచ్చని తీర్పునిచ్చింది. లాయరు ఫీజుకు భయపడనక్కరలేదు. 1987 చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు. తలాఖ్‌నామా లేదా ఖులానామా, నికాహ్‌నామా, పిల్లల జనన పత్రాలు దగ్గర ఉంచుకోవాలి. రేషన్ కార్డులో పేరు ఇంకా అత్తవారింటి కార్డు మీదే ఉందేమో కూడా చూసుకోవాలి.

ఇక పిల్లలు. టీచరుగా నాకు బాగా తెలిసినది ఇదే. సంవత్సరం మధ్యలో టీసీ తెచ్చుకుని వచ్చిన పిల్లవాడు హోంవర్కు మానేస్తాడు, చిన్నదానికే కొట్లాడతాడు. కొందరు అతి బుద్ధిమంతులైపోతారు. నాకు వీళ్ళను చూస్తేనే ఎక్కువ బెంగ. తన వల్లే అబ్బా వెళ్ళిపోయాడని లోపల అనుకునే పిల్లలుంటారు. నీ తప్పేమీ లేదని తల్లి ఒకసారి కాదు, పదేపదే చెప్పాలి. తండ్రిని పిల్లల ముందు తిట్టకపోతే మంచిది. పిల్లలు తల్లి దగ్గరున్నా వాళ్ళ ఖర్చు తండ్రిదే, షరీఅత్‌లోనూ అంతే, దేశ చట్టంలోనూ అంతే.

దాతలతో ఒక మాట. అందరికీ కుట్టు మిషనే ఇచ్చి ఫొటో దిగుతున్నాం. వాటిలో కొన్ని మంచం కింద దుమ్ము పట్టి ఉన్నాయి. ఇంటర్ మధ్యలో ఆపిన అమ్మాయికి కావలసింది ఓపెన్ స్కూల్ ఫీజు కావచ్చు, అడిగి ఇద్దాం. జకాత్ మనకు రమజాన్‌లో వస్తుంది, ఆమె ఇంటి అద్దె మాత్రం ప్రతి నెలా వస్తుంది. ఒక్కో కుటుంబానికి నాలుగో నెల నుంచి ఏడాది పాటు నెలనెలా అందేలా కొంత సొమ్ము విడిగా ఉంచాలని మన సొసైటీ పెద్దలను కోరుతున్నాను.