పాత సాఫ్ట్‌వేర్‌లో కొత్త మోడల్: అపోహలు – వాస్తవాలు

కోడ్ రాయడంలో సాయపడే గిట్‌హబ్ కోపైలట్‌లోకి ఆంత్రోపిక్, గూగుల్ ఏఐ మోడళ్లు వస్తున్నాయని 2024 అక్టోబరులో ప్రకటించారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 24న మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్‌ కూడా అదే దారి పట్టింది. అంతవరకూ ఓపెన్‌ఏఐ మోడళ్ల మీదే నడిచిన ఆ సాఫ్ట్‌వేర్‌లో, మొదట రిసెర్చర్ అనే పరిశోధన సాధనంలోనూ, ఏజెంట్లను (పనులు చేసిపెట్టే ఏఐ సాధనాలను) తయారుచేసుకునే కోపైలట్ స్టూడియోలోనూ, ఆంత్రోపిక్ వారి క్లాడ్ మోడళ్లను చేర్చారు. ఉద్యోగికి ఇది మెనూలో అదనంగా కనిపించే ఒక పేరు మాత్రమే. కానీ మన మెయిళ్లు, జీతాల పట్టికలు, కస్టమర్ల వివరాలు ఎవరి సర్వర్లకు, ఏ ఒప్పందం కింద వెళ్తాయన్నది ఆ పేరుతోనే మారిపోవచ్చు. హైదరాబాద్ ఐటీ కంపెనీలకే కాదు, జిల్లా కేంద్రంలోని ఆడిటర్ ఆఫీసుకూ ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌కూ ఇది సంబంధించిన విషయమే. అయినా దీని గురించి ఆఫీసుల్లో వినిపించే మాటల్లో చాలావరకు సగం నిజాలే.

అపోహ: మనం వాడేది మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేరే కదా, డేటా మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉంటుంది.

వాస్తవం: బయట కనిపించే పేరు ఒకరిది, లోపల పనిచేసే మోడల్ మరొకరిది కావచ్చు. 2025 సెప్టెంబరులో క్లాడ్ వచ్చినప్పుడు అది మైక్రోసాఫ్ట్ నిర్వహణలోని వ్యవస్థకు బయట నడిచేది. దాన్ని ఎంచుకున్న సంస్థకు ఆంత్రోపిక్ షరతులు వర్తిస్తాయని మైక్రోసాఫ్టే చెప్పింది. 2026 జనవరిలో ఈ ఏర్పాటు మారింది. ఆంత్రోపిక్ మైక్రోసాఫ్ట్‌కు సబ్‌ప్రాసెసర్ అయింది, అంటే మైక్రోసాఫ్ట్ తరఫున, మైక్రోసాఫ్ట్ ఒప్పందానికి లోబడి డేటాను ప్రాసెస్ చేసే సంస్థ. మెనూలో కనిపించే పేరు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. దాని వెనుక ఉన్న ఒప్పందం మాత్రం నాలుగు నెలల్లోపే మారింది. ఇలాంటి మార్పులు అడ్మిన్‌కు వచ్చే నోటీసుల్లో ఉంటాయి, ఉద్యోగి తెర మీద కనిపించవు. ఆ నోటీసులు చదవడం ఫలానా వారి పని అని పేరు పెట్టి అప్పగించని ఆఫీసులో వాటిని ఎవరూ చదవరు.

అపోహ: మేం ఏదీ ఆన్ చేయలేదు, కాబట్టి అది ఆఫ్‌లోనే ఉంటుంది.

వాస్తవం: ఆఫీసులకు ఎక్కువ నష్టం చేయగల అపోహ ఇదేనని నా అభిప్రాయం. మొదట్లో క్లాడ్ కావాలంటే అడ్మిన్ స్వయంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చేది. 2026 జనవరి నుంచి చాలా వాణిజ్య సంస్థలకు అది ముందుగానే ఆన్ చేసి వస్తోంది, వద్దనుకున్నవారే ఆఫ్ చేసుకోవాలి. యూరోపియన్ యూనియన్, దాని పొరుగున ఉన్న ఈఎఫ్‌టీఏ దేశాలు, బ్రిటన్‌లలో మాత్రం ఆఫ్‌లో ఉంచారు. యూరప్ డేటాను యూరప్‌లోనే ఉంచుతామని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హామీ పరిధిలోకి అప్పటికి ఈ మోడళ్లు రాలేదు. మన దేశంలో ఆ మినహాయింపు లేదు. లండన్ ఆఫీసులో ఆఫ్‌లో ఉన్నది హైదరాబాద్ ఆఫీసులో ఆన్‌లో ఉండవచ్చు. రెండు చోట్లా ఒకే క్లయింటు ఫైళ్ల మీద పనిచేసే బృందాలకు ఈ తేడా చాలా పెద్దది.

ఆన్‌లో ఉండటమే తప్పని నేను అనను. ఎవరో ఒకరు చూసి, ఆలోచించి, సరే అన్న తరవాత ఆన్‌లో ఉండటం వేరు, ఎవరూ చూడకుండానే ఆన్‌లో ఉండటం వేరు. పైగా ఇలాంటి స్విచ్‌ను అన్ని మోడళ్లకూ ఒకేలా పెట్టాల్సిన పని లేదు. ఏ మోడల్‌ను అనుమతించాలో గిట్‌హబ్ కోపైలట్‌లో సంస్థ విడివిడిగా నిర్ణయించుకోవచ్చు.

అపోహ: టైప్ చేసినదంతా మోడల్ శిక్షణకు పోతుంది.

వాస్తవం: అది మీరు ఏ ఖాతాతో టైప్ చేశారన్న దాన్నిబట్టి ఉంటుంది. సంస్థలు ఏపీఐ (తమ సాఫ్ట్‌వేర్‌ను మోడల్‌తో నేరుగా కలిపే మార్గం) ద్వారా పంపే డేటాను, వారు కోరితే తప్ప, శిక్షణకు వాడబోమని ఓపెన్‌ఏఐ 2023 మార్చి 1 నుంచి అమల్లో పెట్టింది. ఆంత్రోపిక్ 2025 ఆగస్టులో వ్యక్తిగత ఖాతాల షరతులు మార్చింది. వాడేవారు ఒప్పుకుంటే వారి సంభాషణలను శిక్షణకు వాడుకుంటుంది, అలాంటి డేటాను అయిదేళ్ల వరకు ఉంచుకుంటుంది. సంస్థల ఖాతాలకు ఆ మార్పు వర్తించదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, కానీ రెండు ఖాతాలకు రెండు న్యాయాలు.

అందుకే ఆఫీసు లైసెన్సుతో వాడే ఉద్యోగి కన్నా, లైసెన్సు ఇవ్వలేదని సొంత ఫోన్‌లోని ఉచిత యాప్‌లో క్లయింటు ఒప్పందాన్ని అతికించే ఉద్యోగి విషయంలోనే ఎక్కువ ఆందోళన పడాలి. 2023లో శామ్‌సంగ్ సెమీకండక్టర్ విభాగం ఉద్యోగులు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని వార్తలు వచ్చాయి. వారు సమాచారం అమ్ముకోవాలని చేసిన పని కాదది, చేతిలోని పని తొందరగా తెమలాలని చేసినది.

అపోహ: శిక్షణకు వాడరంటే, దాచుకోరన్నట్టే.

వాస్తవం: ఇవి రెండు వేర్వేరు హామీలు. శిక్షణకు వాడకపోయినా, దుర్వినియోగాన్ని కనిపెట్టడానికని సంభాషణను కొన్నాళ్లు ఉంచుకోవచ్చు. ఓపెన్‌ఏఐ ఏపీఐలో ఈ గడువు సాధారణంగా 30 రోజులు. గడువు తీరగానే చెరిగిపోతుందన్న నమ్మకం కూడా అన్నిసార్లూ నిలవదు. న్యూయార్క్ టైమ్స్ వేసిన కేసులో, చెరిపేయాల్సిన సంభాషణలను కూడా భద్రపరచాలని 2025 మే నెలలో అమెరికా కోర్టు ఓపెన్‌ఏఐని ఆదేశించింది. సెప్టెంబరు దాకా ఆ బాధ్యత కొనసాగింది. చాట్‌జీపీటీ ఎంటర్‌ప్రైజ్ ఖాతాలనూ, అసలేమీ నిల్వ చేయకూడదని ప్రత్యేక ఒప్పందం ఉన్న ఏపీఐ ఖాతాలనూ ఆ ఆదేశం తాకలేదు. మామూలు ఖాతాల మీద పడింది. తాము డిలీట్ నొక్కిన సంభాషణలు ఒక కోర్టు వ్యాజ్యం కారణంగా నిల్వ ఉండిపోతాయని వాడినవారిలో ఎందరు ఊహించి ఉంటారు?

కాబట్టి ఒప్పందం చూసేటప్పుడు ‘శిక్షణకు వాడతారా’ అన్నదొక్కటే అడిగితే చాలదు. ఎన్నాళ్లు ఉంచుతారు, ఆ కాలంలో ఎవరు చూడగలరు అనే రెండు ప్రశ్నలూ అడగాలి.

అపోహ: హైదరాబాద్‌లో డేటా సెంటర్ ఉంది కాబట్టి అంతా ఇక్కడే జరుగుతుంది.

వాస్తవం: అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ప్రారంభించిన మాట నిజమే. అయితే ఫైలు నిల్వ ఉండే చోటూ, ఆ ఫైలు చదివి మోడల్ జవాబు రాసే చోటూ ఒకటే కావాలని లేదు. రద్దీనిబట్టి ప్రశ్నను వేరే రీజియన్‌కు, ఒక్కోసారి వేరే దేశానికీ పంపే పద్ధతి క్లౌడ్ సంస్థల్లో ఉంది. నిల్వ ఎక్కడ, ప్రాసెసింగ్ ఎక్కడ అని విడివిడిగా రాయించుకోవాలి.

అపోహ: బయటి మోడల్‌ను అనుమతిస్తే ఆఫీసు ఫైళ్లన్నీ దాని చేతికి వెళ్లిపోతాయి.

వాస్తవం: కోపైలట్ వంటివి, అడిగిన ఉద్యోగికి చూసే హక్కున్న ఫైళ్లలోంచే జవాబు వెతుకుతాయి. చిక్కల్లా ఆ హక్కుల దగ్గరే. ఏళ్ల కిందట ‘అందరికీ’ అని షేర్ చేసి వదిలేసిన ఫోల్డర్‌లో జీతాల పట్టిక ఉంటే, నిన్నటిదాకా దాని జోలికి ఎవరూ పోయి ఉండరు. ఇప్పుడు ఒక్క ప్రశ్నకు అది బయటికొస్తుంది. మోడల్ ఎవరిదైనా ఫలితం ఇదే. కొత్త మోడల్‌ను ఆన్ చేసే ముందు పాత షేరింగులను సరిచేయాలి.

అపోహ: నిషేధిస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: నిషేధాలకు కారణాలు ఉంటాయి. ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడవద్దని 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ తన సిబ్బందికి సూచించింది. అమెరికా ప్రతినిధుల సభ 2024లో సిబ్బంది కోపైలట్ వాడకాన్ని ఆపింది. రహస్య పత్రాలున్న చోట ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. కానీ ప్రత్యామ్నాయం చూపకుండా నిషేధం ఒక్కటే పెడితే, పని ఆఫీసు కంప్యూటర్ నుంచి సొంత ఫోన్‌కు మారుతుంది. అక్కడ అడ్మిన్‌కు లాగ్ ఉండదు, ఒప్పందమూ ఉండదు. అనుమతి ఉన్న దారి ఒకటి చూపించి, తక్కినవి మూయడం మేలు.

అపోహ: ఏదైనా జరిగితే మోడల్ తయారుచేసినవాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: పెళ్లి వంటలు ఒకరికి అప్పగిస్తాం, మిఠాయిలు ఆయన ఇంకొకరి చేత చేయిస్తాడు. ఏది పాడైనా బంధువులు అడిగేది పెళ్లివారినే. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 చెప్పేదీ అదే. ప్రాసెసింగ్ ఇంకొకరి చేత చేయించినా, జవాబు చెప్పాల్సింది డేటా సేకరించిన సంస్థే. తగిన భద్రత ఏర్పాటు చేయకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. 2025 నవంబరులో నిబంధనలు నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలకు ఇచ్చిన 18 నెలల గడువు 2027 మేతో తీరుతుంది.

అపోహ: వద్దనుకుంటే స్విచ్ ఆపేస్తే చాలు.

వాస్తవం: స్విచ్ ఆపితే కొత్త ప్రశ్నలు వెళ్లవు. అప్పటికే వెళ్లిన డేటా, ఒప్పందంలో రాసుకున్న గడువు దాకా అవతలి వారి దగ్గరే ఉండవచ్చు. ఆ మోడల్ మీద కట్టిన ఏజెంట్లు వేరే మోడల్‌కు మారి, జవాబుల తీరూ మారవచ్చు. అనుసంధానం కోసం ఇచ్చిన టోకెన్ల సంగతి ఇంకా ముఖ్యం. ఒక యాప్ మన తరఫున ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లడానికి ఇచ్చే డిజిటల్ తాళంచెవులే టోకెన్లు. 2025 ఆగస్టులో సేల్స్‌లాఫ్ట్ వారి డ్రిఫ్ట్ అనే ఏఐ చాట్ సాధనం నుంచి అలాంటి టోకెన్లను దొంగిలించి, దాన్ని వాడుతున్న సంస్థలు సేల్స్‌ఫోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉంచిన కస్టమర్ డేటాలోకి దొంగలు చొరబడ్డారు. బాధితుల్లో క్లౌడ్‌ఫ్లేర్, జీస్కేలర్, పాలో ఆల్టో నెట్‌వర్క్స్ వంటి భద్రతా కంపెనీలు కూడా ఉన్నాయి. ఎవరి పాస్‌వర్డూ ఊహించాల్సిన అవసరం దొంగలకు రాలేదు. వాడటం మానేసిన యాప్‌కు ఇచ్చిన టోకెన్ కూడా, ఎవరో ఒకరు అడ్మిన్ పేజీలోకి వెళ్లి రద్దు చేసేదాకా పనిచేస్తూనే ఉండవచ్చు.