వందమంది నడిచిన దారి

ప్రకాశం పశ్చిమ ప్రాంతం కొండల నీడన ఒదిగిన మెట్టసీమ. చంద్రశేఖరపురం సమీపంలోని భైరవకోనలో కొండరాతిని తొలిచి మలచిన ఎనిమిది శివాలయాలు ఉన్నాయి. గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలకు ఆనుకొని నల్లమల అడవి మొదలవుతుంది. ఆ అడవి నడుమ శ్రీశైలం ఉంది. త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారమని పెద్దలు చెబుతారు. అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. ఎక్కడో మైదానంలో ఉన్న రాజు అడవికొండలపై మెట్లు కట్టించాడంటే, ఆ దారిన నడిచేవారు ఎందరో ఉండేవారనుకోవాలి. వారు ఒంటరిగా నడిచేవారు కారు. గుంపు కూడితేనే ప్రయాణం. అడవిలో పులి ఉన్నది, దారిలో దొంగ ఉన్నాడు. దారి తెలిసినవారు చెంచులే.

శ్రీశైలమే అంత కష్టమైతే కాశీ మాట చెప్పనక్కరలేదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని సామెత పుట్టింది. అటువంటి కాలంలో సుమారు వందమందిని వెంటబెట్టుకొని చెన్నపట్టణం నుండి కాశీకి వెళ్ళి, తిరిగి ఇల్లు చేరిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్టణం సుప్రీం కోర్టులో దుబాసీ, అనగా ఒక భాషలో చెప్పిన మాటను మరొక భాషలో వినిపించే ఉద్యోగి. 1830 మే 18న రాత్రి తొమ్మిది గంటలకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు సాగిన ఆ ప్రయాణ విశేషాలను కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె అనే మిత్రునికి ఎప్పటికప్పుడు వ్రాసి పంపాడు. ఆ వ్రాతలే 'కాశీయాత్ర చరిత్ర' అయినాయి.

వీరాస్వామయ్య సాహసం కోసం ఇల్లు విడిచినవాడు కాడు, తీర్థయాత్రకు వెళ్ళినవాడు. కాని ఆ దారిని పటంపై గుర్తించి చూస్తే సాహసమన్న మాట తప్పదు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, అక్కడి నుండి హైదరాబాదు. ఆపైన నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ. తిరుగు ప్రయాణంలో గయ, కలకత్తా, పూరీ జగన్నాథం. అటుపిమ్మట తూర్పు సముద్రతీరం వెంట దక్షిణానికి. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. కనుక ఈ దూరమంతా కాలినడకను, పల్లకీలలో, పడవలలో గడిచినదే.

వందమంది ఎవరు? కుటుంబంవారు, పరిచారకులు, వంటవారు, పల్లకీలు మోసే బోయీలు. ఒక జట్టు పల్లకీ మోస్తుంటే మరొక జట్టు పక్కన నడిచేది. కొంత దూరం పోయాక భుజం మారేది. పల్లకీలో కూర్చున్నవాని ప్రయాణం బోయీ కాళ్ళలోనే ఉన్నది. అతనికి జ్వరం వస్తే యాత్ర ఆగుతుంది. కాబట్టి బృందపు వేగం అందరిలో బలవంతుని వేగం కాదు, అలసినవాని వేగం. దూరాన్ని ఆమడలలో లెక్కించేవారు. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళు. రాత్రి నిలిచే చోటు మజిలీ. ఒక మజిలీ నుండి మరొక మజిలీకి పొద్దెక్కకముందే చేరాలి, లేదా చెట్టు నీడ చూచుకొని ఆగాలి.

ఇంతమంది ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఆనాటి దారులలోనే ఉంది. నాగపూరు, జబల్పూరు, మీర్జాపూరుల మీదుగా గంగాతీరానికి పోయే బాటకు థగ్గుల భయం ఉండేదని ప్రసిద్ధి. వారు ఎదురుపడి దోచేవారు కారట. తోటి బాటసారులమని చెప్పి కలిసేవారు, కలిసి నడిచేవారు, నమ్మకం కుదిరాక గొంతుకు ఉరి బిగించేవారు. ఒంటరివాడికి తోడు దొరకడమే ప్రమాదమన్నమాట! ఇందులో ఎంత నిజం, ఎంత అతిశయోక్తి అన్న విషయంపై నేటి చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి. స్లీమన్ అనే ఆంగ్లేయ అధికారి జబల్పూరు కేంద్రంగా వారిని అణచే పనిలో పేరు పొందినది 1830వ దశకంలోనే. వీరాస్వామయ్య బృందం ఆ దారిన వెళ్ళింది కూడా ఆ కాలంలోనే. తనతో నడిచే ప్రతి ముఖమూ తెలిసిన బృందంలోకి కొత్తవాడు చొరబడలేడు.

అయితే దొంగల నుండి కాపాడే సంఖ్యయే దప్పిక వేళ భారమవుతుంది. నలుగురికి నీరిచ్చే ఊరిబావి వందమందికి ఇవ్వలేదు. పది ఇళ్ళ పల్లెలో వందమందికి బియ్యం దొరకదు. ఈ దారిలో ఎడారి లేదు; కాని మే నెల ఎండలో కడప సీమ దాటేవారికి ఎడారి ఎట్లుంటుందో వేరుగా చెప్పవలసిన పని లేదు. కైరో, డమాస్కస్ నగరాల నుండి మక్కాకు సాగే ఒంటెల బిడారులు ఒక బావి నుండి మరొక బావికి లెక్క వేసుకొని నడిచేవి. మన యాత్రికుల లెక్కయు అదే. అందుకే వీరాస్వామయ్య గ్రంథంలో దేవాలయ వర్ణనల సరసనే ఏ ఊరిలో అంగళ్ళు ఉన్నవి, ఎక్కడ నీరు మంచిది, దిగడానికి వసతి ఎట్టిది అన్న వివరాలు కనిపిస్తాయి. కొందరికి అవి విసుగు కలిగించవచ్చు. తరువాత అదే దారిని పట్టినవానికి ఆ వివరాలే ప్రాణాధారం. కోర్టులో సాక్షి మాటను తూకం తప్పకుండా తర్జుమా చేయడం ఆయన వృత్తి. ఆ అలవాటు ఈ పుటలలోనూ కనిపిస్తుంది.

రాజ్యాలు మారేకొద్దీ చిక్కులు మారేవి. నాణెములు మారేవి. సుంకాలు మారేవి. శ్రీశైలం వెళ్ళే యాత్రికుల నుండి కందనూరు నవాబు పన్ను వసూలు చేసేవాడు. ప్రయాగ, గయ, పూరీ క్షేత్రాలలో ఈస్టిండియా కంపెనీ యాత్రికుల పన్ను వసూలు చేసేది. అది రద్దయినది 1840లో. భక్తితో వచ్చినవాడు దేవుని కంటె ముందు లెక్కల గుమాస్తాను దర్శించవలసి వచ్చేది. హైదరాబాదు నగరంలో జనం ఆయుధాలు ధరించి వీధులలో తిరగడం వీరాస్వామయ్య కంటబడింది. కంపెనీ పాలనలోని చెన్నపట్టణపు అలవాట్లు ఎరిగినవానికి అది వింతగా తోచడం సహజం.

వేసవిలో బయలుదేరిన బృందం హైదరాబాదు దాటి ఉత్తరానికి సాగేసరికి వర్షకాలం. నల్లరేగడి నేలపై వాన పడితే పాదం ఎత్తడమే కష్టం. పల్లకీ మోసేవాని సంగతి చెప్పాలా! ఏళ్ళు పొంగితే ఒడ్డున కాచుకొని ఉండడమే ఉపాయం. ఒక పడవ వందమందిని ఒకేసారి దాటించలేదు. కొందరు ఆవలి ఒడ్డున, కొందరు ఈవలి ఒడ్డున మిగిలే ఆ వేళలోనే బృందానికి అసలు పరీక్ష. ఎవరు ముందు, ఎవరు వెనుక, సామాను ఎవరి కాపలాలో ఉండాలి అన్నవి ముందే తేలాలి. కాశీ నుండి గంగపై పడవలలో సాగిన దూరం మాత్రం బోయీల భుజాలకు కొంత విశ్రాంతినిచ్చి ఉంటుంది.

తిరుగుదారిలో తీరప్రాంతం సుగమమని మనకు తోచవచ్చు. అదియు పొరపాటే. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న సముద్రంలో కలిసేది ఆ తీరంలోనే. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి లేదు. అది పూర్తయినది 1852లో. పాయ పాయకూ పడవ వెదుక్కోవలసిందే. 1817లో వంగదేశం నుండి వ్యాపించిన కలరా భయం అప్పటికీ తీరలేదు. జనం గుమికూడే క్షేత్రాలలోనే ఆ వ్యాధి విజృంభించేది. దొంగ భయానికి మందు గుంపు. కలరాకు ఆ గుంపే ఆహారం.

వీరాస్వామయ్య 1836లో మరణించాడు. తన గ్రంథాన్ని అచ్చులో చూచుకోలేదు. శ్రీనివాస పిళ్ళె దానిని 1838లో ముద్రింపజేశాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో అది మళ్ళీ వెలువడింది.

నేడు మార్కాపురం నుండి దోర్నాల మీదుగా శ్రీశైలానికి బస్సులో కొద్ది గంటల ప్రయాణం. అయితే ఆ అడవి ఇప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. వన్యప్రాణులకు ఇబ్బంది కలుగరాదని రాత్రివేళ ఆ దారిలో వాహనాలను పోనివ్వరు. పొద్దుపోయి వచ్చినవారు దోర్నాల వద్ద ఆగిపోతారు. ఒకరినొకరు ఎరుగని కుటుంబాలు రోడ్డు పక్కన కూర్చొని, తెచ్చుకున్న అన్నం మూటలు విప్పి, తెల్లవారి గేటు తీసేవరకు వేచి ఉంటాయి.