మీకు తెలుసా? మేకుల పట్టీ కట్టే మంద కుక్క

హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా, కాంగ్రా కొండల్లో గొర్రెలు, మేకలు కాసే గద్దీల కుక్క ఎదురైతే ముందు చూపు పడేది దాని మెడ మీదే. దట్టమైన బొచ్చు మీద ఇనుప పట్టీ, దాని నుంచి బయటికి పొడుచుకొచ్చిన మేకులు! సోకు కోసం కట్టింది కాదది. చిరుత ఎక్కువగా గొంతు పట్టే చంపుతుంది. ఆ గొంతు చుట్టూ ఇనుము ఉంటే దాని కోరలకు పట్టు దొరకదు. గద్దీలు చలికాలమంతా దిగువ కొండల్లో ఉండి, ఎండలు ముదిరే వేళకు మందలతో కనుమలు దాటి లాహౌల్ వంటి ఎత్తైన పచ్చిక బయళ్లకు చేరతారు. దారిలో రాత్రుళ్లు కొట్టాలుండవు, కంచెలుండవు. చిరుతకూ ఎలుగుబంటికీ మందకూ మధ్య ఉండేది ఈ కుక్కలే.

దేశంలో నాలుగోది

గద్దీ కుక్కకు 2025 జనవరిలో అధికారిక గుర్తింపు దక్కింది. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీన్ని దేశీయ జాతిగా నమోదు చేసింది. అప్పటికి ఆ జాబితాలో ఉన్నవి తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకకు చెందిన ముధోల్. ఆ మూడూ వేటకు పేరుపడ్డవే. హిమాలయాల నుంచి చోటు దక్కించుకున్న మొదటి కుక్క మాత్రం ఇదే.

తరిమేది వేరు, కాచేది వేరు

గొర్రెలను అటూ ఇటూ మళ్లించే బోర్డర్ కోలీ కుక్కను వీడియోల్లో చూసే ఉంటారు. కన్నార్పకుండా చూడటం, నక్కి నక్కి నడవడం, ఒక్కసారిగా ఉరకడం... అది చేసేదంతా సగం వేటే, చంపడం ఒక్కటే తక్కువ. మంద కుక్క తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. గొర్రె పరిగెత్తినా వెంటపడాలనిపించకపోవడమే దాని అర్హత. పగలంతా గొర్రెల మధ్య కునికిపాట్లు పడుతూ బద్ధకంగా కనిపిస్తుంది. చీకటి పడితే మంద చుట్టూ తిరుగుతూ మొరుగుతుంది. కొత్త వాసన తగిలిందంటే మందకూ ఆ వచ్చేదానికీ మధ్యన నిలబడుతుంది.

రోమన్లు ఎప్పుడో చెప్పారు

క్రీస్తుపూర్వం 37లో రోమన్ పండితుడు వారో వ్యవసాయం మీద రాసిన గ్రంథంలో కాపరి కుక్కల ముచ్చట ఉంది. వేటగాళ్ల దగ్గర కుక్కను కొనొద్దంటాడు. కుందేలు కనబడితే చాలు, మందను వదిలేసి దాని వెంట పోతుందట! మేకుల పట్టీ గురించీ రాశాడు. మేకుల తలలు కుక్క మెడకు ఒరుసుకోకుండా లోపల మెత్తటి తోలు కుట్టాలన్నాడు. ఒక్క కుక్క పట్టీకి తోడేలు గాయపడితే చాలు, పట్టీ లేని కుక్కల జోలికి కూడా అది రాదని అప్పుడే తేల్చేశాడు.

అంతా పెంపకంలోనే

మంద కుక్కకు కొన్ని గుణాలు పుట్టుకతో వస్తాయి, మిగతాది పెంపకం. కూనను రెండు నెలలు నిండేలోపే గొర్రెల మధ్య వదులుతారు. వాటి వాసన, అరుపు, వెచ్చదనం ఆ వయసులో అలవాటైతే జీవితాంతం వాటినే తనవాళ్లనుకుంటుంది. ఇంట్లో పిల్లలతో ఆడుకుంటూ పెరిగితే మందను వదిలి గుమ్మం దగ్గరికే చేరుతుంది. అమెరికాలో రే కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు 1970ల చివర్లో ఇటలీ, యుగోస్లావియా, టర్కీల నుంచి కూనలను తెప్పించి రైతులకు ఇచ్చారు. ఏళ్ల తరబడి గమనించి మంచి మంద కుక్కకు మూడు గుణాలుండాలన్నారు: గొర్రెకు హాని చేయకూడదు, మందను విడిచి పోకూడదు, ఆపద వస్తే ఎదురు నిలవాలి.

చీతాను బతికించిన కుక్క

నమీబియాలో పశువులను చంపుతున్నాయని రైతులు చీతాలను కాల్చేసేవారు. 1990లో చీతా సంరక్షణ నిధిని స్థాపించిన లారీ మార్కర్ వేరే దారి వెతికారు. 1994 నుంచి టర్కీ జాతికి చెందిన మంద కుక్కలను రైతులకు ఇవ్వడం మొదలుపెట్టారు. కుక్కలు వచ్చాక నష్టం 80 శాతానికి పైగా తగ్గిందని ఆ సంస్థ చెబుతోంది. చీతా బతుకంతా పరుగు మీదే. కాలికి దెబ్బ తగిలితే పస్తే. అందుకే గట్టిగా మొరిగే పెద్ద కుక్క ఎదురు నిలిస్తే కొట్లాటకు దిగదు, తప్పుకుంటుంది. మేకా మిగిలింది, చీతా మిగిలింది.

పెంగ్విన్లకూ కాపలా

ఆస్ట్రేలియాలోని వార్నాంబూల్ దగ్గర మిడిల్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. ఆటు సమయంలో నక్కలు అక్కడికి దాటి, ఒకప్పుడు వందల్లో ఉన్న బుల్లి పెంగ్విన్లను 2005 నాటికి పదిలోపుకి తెచ్చాయి. కోళ్లను కాయడానికి ఇటలీ జాతి మరెమ్మా కుక్కను పెంచుకున్న ఓ రైతు ఇచ్చిన ఆలోచనతో 2006లో ఆ కుక్కలను దీవిలో దించారు. పెంగ్విన్లు మళ్లీ పెరిగాయి. 2015లో దీని మీద ‘ఆడ్‌బాల్’ అనే సినిమా కూడా వచ్చింది.

తోడేలు తిరిగొస్తే

ఫ్రాన్స్‌లో తోడేళ్లు అంతరించాక ఆల్ప్స్ కాపరులకు ఈ కుక్కల అవసరం తీరిపోయింది, వాటిని పెంచే విద్యా మరుగున పడింది. 1992లో ఇటలీ వైపు నుంచి వచ్చిన తోడేళ్లు మెర్కాంతూర్ అడవుల్లో కనబడేసరికి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. కొండలెక్కే యాత్రికులు కుక్కలను చూసి బెదరకుండా దారుల్లో ఇప్పుడు హెచ్చరిక బోర్డులు పెడుతున్నారు.

మీకు ఎదురైతే?

మన దగ్గరా గొల్ల, కురుమ కాపరులు మేత కోసం నెలల తరబడి మందలు తోలుకుని ఊళ్లు తిరుగుతారు. వారి వెంట వచ్చేవి జాతి పేరు లేని నాటు కుక్కలే. పొలంలో మంద పెట్టిన రాత్రి తోడేలును ముందు పసిగట్టేది అవే. కాబట్టి మన రోడ్డు మీదైనా, హిమాచల్ ట్రెక్కింగ్‌లోనైనా మంద ఎదురైతే దాని మధ్య నుంచి వెళ్లకండి, పక్కగా చుట్టి పోండి. సైకిలో బండో ఉంటే దిగి నడిపించండి. కుక్క మొరిగితే పరిగెత్తొద్దు, రాయి విసరొద్దు, ముద్దొచ్చిందని నిమరొద్దు, బిస్కెట్ వేయొద్దు. అది డ్యూటీలో ఉంది.