షెడ్డు వేసేది ఒక్కసారే.. జరిమానా ఏటేటా!

రోడ్డు పక్కన పది గుంటలున్నాయి. పత్తి వేస్తే మందుల ఖర్చు కూడా వెళ్లడం లేదు. ఒక షెడ్డు వేసి కిరాయికిస్తే నెలనెలా నాలుగు పైసలొస్తాయి కదా! హన్మకొండ, వరంగల్ చుట్టూ ఉన్న ఊళ్లల్లో చాలామంది చిన్న రైతుల ఆలోచన ఇది. మీకూ ఆ ఆలోచన ఉంటే ఇటుక దింపకముందే ఈ లెక్క చూడండి.

సాగు భూమిని గోదాముకో, దుకాణానికో, ప్లాట్లకో వాడాలంటే 2006 నాటి చట్టం ప్రకారం ముందుగా మార్పిడి చేయించుకోవాలి. ఆఫీసుల్లో దీన్ని ‘నాలా’ అంటారు. మురికి కాలువ నాలా కాదు సుమా! సొంత భూమిలో కులవృత్తి చేసుకునేవారికి ఎకరం వరకు మినహాయింపు ఉంది.

మన దగ్గర ఈ ఫీజు భూమి సర్కారు విలువలో 3 శాతం ఉండేది. 2021 జూలైలో 5 శాతం చేశారు. అడగకుండా కడితే ఫీజుకు తోడు అందులో సగం జరిమానా. ఎకరం విలువ 12 లక్షలనుకుందాం. పది గుంటలకు 3 లక్షలు. 2021కి ముందే చేయించుకున్న రైతుకు 9 వేలతో పోయేది. ఇప్పుడు 15 వేలు. కట్టేశాక పట్టుబడితే 22,500! పైగా సర్కారు విలువలు 2021లో, 2022లో రెండుసార్లు పెంచారు. ఊరుకున్నకొద్దీ బరువే.

ఇది ఒక్కసారితో పోతుంది. అసలు బాధ పట్నంలో కలిసిన ఊళ్లది. మడికొండ, హసన్‌పర్తి, మామునూరు లాంటి 42 గ్రామాలు 2013లో కార్పొరేషన్‌లో కలిశాయి. అక్కడ పర్మిషన్ లేని కట్టడానికి ఇంటిపన్నుతో పాటు అంతే మొత్తం జరిమానా పడుతుంది. కట్టడం సక్రమం అయ్యేదాకా ప్రతి ఏడూ అంతే. రసీదు చేతికొచ్చింది కదా, ఇక పర్మిషన్ వచ్చినట్టేనని కొందరు ధీమాగా ఉంటున్నారు. కాదు. జరిమానా కట్టినా కూల్చే అధికారం వారికి ఉంటుంది.

చెరువు శిఖం పక్కన పొలమున్నవారు మరీ జాగ్రత్త. 25 ఎకరాలు దాటిన చెరువైతే నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు ఏమీ కట్టకూడదు. పట్టా మీదే అయినా సరే.

సాగులో లేని భూమికి రైతు భరోసా కూడా రాదు. ఎకరానికి ఏడాదికి 12 వేల లెక్కన పది గుంటలకు 3 వేలు పోయినట్టే.

నాలా అయినంత మాత్రాన కట్టుకోవచ్చని కాదు. మీ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో ‘కుడా’ ఆఫీసులో ముందు చూపించుకోండి. నోటిమాట నమ్మకండి, కాగితం తీసుకోండి.